ట్విన్‌షాక్ ట్రయల్స్ మోటార్‌సైకిల్: విప్పడం నుంచి రాళ్లు ఎక్కించడం వరకు

ట్రయల్స్ పోటీలో ఎవరు ముందు చేరారన్నది ప్రధానం కాదు. బండరాళ్లు, వాగులు, చెట్ల వేళ్లు, జారుడు గట్ల మధ్య కొంత దారికి గుర్తులతో హద్దు కట్టి, దాన్ని సెక్షన్ అంటారు. పక్కనే ఒక పరిశీలకుడు నిలబడి, నడిపేవారి పాదం ఎన్నిసార్లు నేలకు తగిలిందో లెక్క పెడతాడు. ఒకసారి తగిలితే 1 పాయింటు, రెండుసార్లకు 2, మూడుసార్లు గానీ అంతకు మించి గానీ తగిలితే 3, బండి పడిపోయినా హద్దు దాటినా 5 పాయింట్లు ఖాతాలో పడతాయి. పోటీ ముగిసేసరికి ఎవరి లెక్క తక్కువగా ఉంటే వారిదే గెలుపు. అందుచేత ఈ బండి మనిషి నడిచే వేగంలో కూడా ఇంజను తడబడకుండా, చైన్ గుంజకుండా, వెనుక చక్రం నేలను వదలకుండా లాగగలగాలి.

పాత ట్రయల్స్ బండిని బాగుచేయడానికి పూనుకున్నవారిలో చాలామంది ఈ సంగతి మరిచి, రంగుతోనూ మెరుపుతోనూ పని మొదలుపెడతారు. ఎంతో ముచ్చటగా తయారైన బండి మొదటి వాగులోనే ఆగిపోవడం నేను చాలాసార్లు చూశాను. అందుకే ఈ మార్గదర్శిలో ప్రతి పనినీ ఒకే కొలబద్దతో తూచాను: నడక వేగంలో బండి మాట వినడానికి ఆ పని ఎంత తోడ్పడుతుంది?

ట్విన్‌షాక్ అంటే ఏ బండి

వెనుక చక్రానికి ఇరువైపులా ఒక్కొక్కటి చొప్పున రెండు షాక్ అబ్జార్బర్లు, గాలికి చల్లబడే ఇంజను, రెండు చక్రాలకూ డ్రమ్ బ్రేకులు ఉన్న ట్రయల్స్ బండిని ట్విన్‌షాక్ అంటారు. సుమారుగా 1960ల నడుమ నుంచి 1980ల నడుమ వరకు తయారైన బండ్లు ఈ కోవలోకి వస్తాయి. అంతకు ముందు ఈ పోటీలను ఏరియల్, ఏజేఎస్, బీఎస్ఏ వంటి బ్రిటిష్ కంపెనీల బరువైన నాలుగు స్ట్రోకుల బండ్లు ఏలాయి. ఏరియల్ మీద ఎన్నో పోటీలు గెలిచిన శామీ మిల్లర్ 1964లో స్పెయిన్‌కు చెందిన బుల్టాకో కంపెనీతో కలిసి షెర్పా టీ అనే తేలికపాటి రెండు స్ట్రోకుల బండిని రూపొందించి, 1965లో దాని మీదే స్కాట్లండ్‌లో ఆరు రోజులు సాగే స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్ గెలవడంతో ఆ కాలం ముగిసింది. తరువాత మోంటెసా నుంచి కోటా, ఒస్సా నుంచి మిక్ ఆండ్రూస్ పేరు మీద ఎంఏఆర్, యమహా నుంచి టీవై, హోండా నుంచి టీఎల్, ఇటలీ నుంచి ఫాంటిక్, ఎస్‌డబ్ల్యూఎం వచ్చాయి. 1975లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదలైనప్పుడు మార్టిన్ లాంప్‌కిన్, తరువాతి మూడేళ్లు యిర్యో వెస్టెరినెన్, 1979లో బెర్నీ ష్రైబర్ గెలిచారు. ఈ ముగ్గురూ నడిపింది బుల్టాకోనే. 1980ల మొదటి సగంలో యమహా ఒంటి షాక్ బండిని పెద్ద ఎత్తున తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాక, రెండు షాకుల రూపం క్రమంగా వెనుకబడింది.

ఏ బండిని ఎంచుకోవాలి

మొదటిసారి ఈ పనికి దిగేవారికి నా సలహా యమహా టీవై 175. దాని ఇంజను అసలు పరిమాణం 171 సీసీ. బండి చిన్నది, తేలికైనది, మరమ్మతుకు లొంగుతుంది, కొత్తగా నేర్చుకునేవారి పొరపాట్లను మన్నిస్తుంది. పేరులో 200 ఉన్నా నిజానికి 156 సీసీ మాత్రమే ఉండే ఫాంటిక్ 200 కూడా ఇలాంటి సాధు స్వభావం గల బండే. బుల్టాకో షెర్పా పెద్ద మోడల్ 326 సీసీతో అడుగు వేగం నుంచే గట్టిగా లాగుతుంది కనుక బరువైన మనిషికి బాగా నప్పుతుంది, అయితే కిక్ కొట్టడానికి కాలిలో సత్తువ ఉండాలి. ఒస్సా ఎంఏఆర్ నడపడానికి ఎంతో హాయిగా ఉంటుంది, కానీ దాని ఇంజను కేసులు మెగ్నీషియం మిశ్రమంతో చేసినవి. తడి తగిలిన చోట అవి లోలోపల తినుకుపోయి పిండిలా రాలతాయి. మొదటి ప్రయత్నానికి దాన్ని ఎంచుకోవద్దని గట్టిగా చెబుతాను.

కొనేముందు మొదట చూడవలసింది బండిలో ఏవి లేవు అన్నది. పిస్టన్, బేరింగులు, సీళ్లు, కేబుళ్లు వంటి అరిగే భాగాలు ఎలాగూ మార్చేవే, వాటి గురించి దిగులు పడనక్కరలేదు. చక్రాల హబ్బులు, బ్రేక్ ప్లేట్లు, ఫ్లైవీల్, ఇంజను పక్క కవర్లు, ఎగ్జాస్ట్ పైపు, గేర్‌బాక్సు లోపలి పళ్లచక్రాలు లేకపోయినా పగిలినా మాత్రం వాటి కోసం వెతుకులాట ఏళ్ల తరబడి సాగుతుంది. ఫ్రేము మీది నంబరు, ఇంజను మీది నంబరు, కాగితాల్లోని నంబర్లు సరిపోలుతున్నాయో లేదో చూడాలి. ఫ్రేములో పగుళ్లు ఎక్కువగా వచ్చే చోట్లు మూడు: హ్యాండిల్ తిరిగే మెడ, వెనుక చక్రాన్ని పట్టే స్వింగార్మ్ ఇరుసు చుట్టూ, కాళ్లు పెట్టే ఫుట్‌రెస్టుల అతుకుల దగ్గర. రంగు కింద సన్నని తుప్పు గీత కనిపిస్తే అది గీత కాదు, పగులే అనుకొని గోకి చూడాలి.

విప్పడం

ఒక్క నట్టు తీయకముందే బండిని అన్ని వైపుల నుంచి ఫొటోలు తీయండి. కేబుళ్లు ఏ దారిన వెళ్తున్నాయో, వాషర్లు ఏ వరుసలో ఉన్నాయో, చక్రం ఇరుసు మీద స్పేసర్లు ఎటువైపు ఎంత పొడవున్నాయో కొలిచి రాసుకోవాలి. ఒక్కో భాగపు బోల్టులను ఒక్కో సంచిలో వేసి పేరు రాయాలి. ఈ పనికి పట్టే ఒక పూట, బిగించేటప్పుడు వారం రోజులు మిగులుస్తుంది.

జపాన్ బండ్ల మీది నాలుగు గాళ్ల స్క్రూలు మామూలు స్క్రూడ్రైవర్‌కు సరిగ్గా కూర్చోవు. జపాన్ ప్రమాణానికి చేసిన స్క్రూడ్రైవర్ వాడితే సగం స్క్రూలు తల చెడకుండా వస్తాయి, మిగిలిన వాటికి ఇంపాక్ట్ డ్రైవర్‌తో ఒక సుత్తి దెబ్బ చాలు. అల్యూమినియంలో పట్టేసిన ఉక్కు బోల్టును బలవంతంగా తిప్పకుండా, చుట్టూ ఉన్న లోహాన్ని వేడిచేసి, చొరబడే నూనె వేసి ఒక రాత్రి వదిలేయాలి. తెగిన బోల్టును తవ్వి తీయడం కంటే ఒక రాత్రి ఆగడం తేలిక.

ఇక్కడ రెండు హెచ్చరికలు తప్పనిసరి. ఆ కాలపు బ్రేక్ షూలలో ఆస్బెస్టాస్ ఉండేది. అందుచేత డ్రమ్ములోని దుమ్మును గాలితో ఊదకుండా, మాస్కు పెట్టుకొని, తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను మూటకట్టి పారవేయాలి. మెగ్నీషియం భాగాలను రాపిడి చేసినప్పుడు రాలే పొడి తేలికగా అంటుకుంటుంది, ఆ మంట మీద నీళ్లు పోస్తే ఇంకా పెరుగుతుంది. కాబట్టి ఆ పొడిని కుప్పపడనీయకుండా, నిప్పురవ్వలు రేగే పనులకు దూరంగా ఉంచాలి.

ఇంజను: గాలి దొంగదారిన రాకూడదు

నిదానంగా నడవవలసిన రెండు స్ట్రోకుల ఇంజనుకు అసలు శత్రువు క్రాంక్ కేసులోకి చొరబడే గాలి. ఈ రకం ఇంజనులో ఇంధన మిశ్రమం ముందుగా క్రాంక్ కేసులోకి వచ్చి, అక్కడ నొక్కుకొని, తరువాత సిలిండర్‌లోకి ఎక్కుతుంది. క్రాంక్‌షాఫ్ట్ రెండు చివర్లలో ఉండే రబ్బరు సీళ్లు ఏళ్ల తరబడి కదలిక లేక గట్టిపడి పగిలిపోతాయి. ప్లగ్గుకు కరెంటు పుట్టించే మాగ్నెటో వైపు సీల్ పోతే బయటి గాలి చొరబడి మిశ్రమం పలచబడుతుంది. స్లో (యాక్సిలరేటర్ ముట్టనప్పుడు ఇంజను తిరిగే వేగం) ఎప్పుడూ కుదరదు, యాక్సిలరేటర్ వదిలినా ఇంజను గోలగా తిరుగుతూ ఉంటుంది, చివరికి పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది. క్లచ్ వైపు సీల్ పోతే ఆ పక్క ఉన్న ఆయిల్ లోపలికి పీల్చబడి, తెల్లని పొగ దట్టంగా వస్తుంది, ప్లగ్గు తడిసిపోతుంది. అందువల్ల పాత బండి ఎంత బాగా తిరుగుతున్నట్టు కనిపించినా, ఈ రెండు సీళ్లను మార్చకుండా పోటీకి తీసుకెళ్లకూడదు.

ఫ్లైవీల్‌ను దాని మరలకు సరిపోయే పుల్లర్‌తోనే లాగాలి. సుత్తితో కొడితే క్రాంక్‌షాఫ్ట్ వంకర పోతుంది. కేసులు విడదీశాక బేరింగులను కడిగి, చేత్తో తిప్పి, గరగర వినిపించకపోయినా మార్చేయడమే మేలని నేను నమ్ముతాను, ఎందుకంటే ఇంజనును మళ్లీ విప్పే శ్రమ ముందు బేరింగు ఖర్చు చిన్నది. కొత్త బేరింగులను బిగించేటప్పుడు కేసులను 100 డిగ్రీల సెల్సియస్ దాకా సమానంగా వేడిచేస్తే, చల్లని బేరింగు దాదాపు తన బరువుకే జారి కూర్చుంటుంది. కనెక్టింగ్ రాడ్‌ను పైకి కిందికి లాగినప్పుడు ఏ మాత్రం కదలిక ఉన్నా క్రాంక్‌ను విడదీసి కొత్త రాడ్, కొత్త బేరింగు వేయించాలి. పక్కలకు కొద్దిపాటి కదలిక మాత్రం ఉండవలసిందే.

సిలిండర్ బోర్‌ను పైన, మధ్య, కింద, రెండు దిశల్లోనూ కొలవాలి. రీబోర్ (అరిగిన బోర్‌ను కొంచెం పెద్దదిగా తొలచడం) అవసరమైతే ముందు పిస్టన్ తెప్పించి, దాన్ని లేత్ పనివారి చేతికిచ్చి, ఆ పిస్టన్‌కే సరిపోయేలా బోర్ చేయమని చెప్పాలి. బోర్ చేశాక పోర్టుల అంచులు కత్తిలా పదునుగా ఉంటాయి, వాటిని సన్నగా గుండ్రం చేయకపోతే రింగులు తగిలి విరుగుతాయి. చాలామంది మరిచే పని ఇది. రింగు రెండు కొసలు పిస్టన్ గాడిలోని చీల దగ్గర సరిగ్గా కలిశాయని చూసుకున్నాకే సిలిండర్‌ను దించాలి.

ఇంజను మూత బిగించాక, కార్బ్యురేటర్ చోటును, ఎగ్జాస్ట్ చోటును రబ్బరు బిరడాలతో మూసి, సైకిల్ పంపుతో సుమారు 6 పీఎస్ఐ ఒత్తిడి ఎక్కించి ఐదారు నిమిషాలు చూడాలి. ముల్లు పడిపోతుంటే అతుకుల మీద సబ్బు నీళ్లు రాస్తే బుడగలు దారి చూపిస్తాయి. ఈ పరీక్షకు పట్టేది అరగంట. దీన్ని వదిలేసినవారు ఆ తరువాత కార్బ్యురేటర్‌ను నెలల తరబడి నిందిస్తూ గడుపుతారు.

ఇంధనంలో కలిపే ఆయిల్ విషయంలో పాత పుస్తకాలు 20 పాళ్లకు 1 పాలు అని చెప్పడం ఆనాటి నూనెలను బట్టి. ఇప్పటి మంచి రెండు స్ట్రోకుల ఆయిల్‌తో 40 నుంచి 50 పాళ్లకు 1 పాలు సరిపోతుంది. మరీ ఎక్కువ కలిపితే నిదాన నడకలో ప్లగ్గు మసిబారి ఇబ్బంది పెడుతుంది.

క్లచ్

సెక్షన్‌లో ఎడమ చేతి వేలు ఎప్పుడూ క్లచ్ మీదే ఉంటుంది. లివర్ పూర్తిగా నొక్కినా బండి ముందుకు పాకుతుంటే, నిలకడగా తిరగవలసిన మలుపులో అది మిమ్మల్ని హద్దు దాటిస్తుంది. ఉక్కు ప్లేట్లను దళసరి గాజు పలక మీద పెట్టి, కింద సందులోకి ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచని రేకు) దూరుతుందేమో చూసి, వంగినవాటిని పక్కన పెట్టాలి. డ్రమ్ము గాళ్లలో ప్లేట్ల అంచులు కొట్టుకొని గంట్లు పడి ఉంటే ఆకురాయితో చదును చేయాలి. స్ప్రింగులన్నీ ఒకే పొడవు ఉండాలి. బుల్టాకో షెర్పాలో ప్రైమరీ కేసుకు, గేర్‌బాక్సుకు వేర్వేరు ఆయిల్ ఉంటుంది. చాలామంది ప్రైమరీ వైపు ఆటోమేటిక్ గేర్ల కార్లలో వాడే పలచని ఆయిల్ పోస్తారు, దానితో ప్లేట్లు చల్లగా ఉన్నప్పుడు కూడా తేలికగా విడిపోతాయి. కొత్త కేబుల్‌ను పదునైన వంపులు లేకుండా పరిచినప్పుడే లివర్ ఒక వేలికి లొంగుతుంది.

కార్బ్యురేటర్, ఎగ్జాస్ట్, నిప్పు

స్పెయిన్ బండ్లలో తరచుగా కనిపించే ఆమల్ కార్బ్యురేటర్ మెత్తని లోహంతో చేసినది. సిలిండర్‌కు బిగించే నట్లను అతిగా బిగిస్తే దాని ముఖం వంగి గాలి చొరబడుతుంది, లోపలి స్లయిడ్ బిగుసుకుంటుంది. ముఖాన్ని గాజు మీద పరిచిన సన్నని ఎమరీ కాగితంపై రుద్ది చదును చేయవచ్చు. స్లయిడ్ అరిగి గలగలలాడుతుంటే మాత్రం స్లో ఎప్పటికీ కుదరదు, కొత్తది వేయాలి.

సరిచేసే వరుస ముఖ్యం. రోడ్డు బండికి మెయిన్ జెట్‌తో, అంటే యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచినప్పుడు ఇంధనం ఇచ్చే రంధ్రంతో, మొదలుపెట్టడం అలవాటు. ట్రయల్స్ బండి మెయిన్ జెట్ దాకా వెళ్లేదే అరుదు కనుక పని అవతలి కొస నుంచి మొదలవ్వాలి. ఇంజను బాగా వేడెక్కాక స్లో స్క్రూ, గాలి స్క్రూ మార్చి మార్చి తిప్పుతూ ఇంజను నెమ్మదిగా, సమానమైన తాళంలో కొట్టుకునేలా చేయాలి. గాలి స్క్రూ ఎటు తిప్పినా మార్పు లేదంటే పైలట్ జెట్ (స్లోలో ఇంధనం ఇచ్చే సన్న రంధ్రం) పూడిందనో, పరిమాణం సరిపోవడం లేదనో అర్థం. తరువాత యాక్సిలరేటర్‌ను పావు వంతు తెరిచినప్పుడు తడబాటు ఉంటే సూది క్లిప్పును ఒక గాడి మార్చి చూడాలి. మెయిన్ జెట్ సంగతి చివర్లో.

ఎగ్జాస్ట్ పైపు, సైలెన్సర్ లోపల దశాబ్దాల మసి పేరుకొని ఉంటుంది. ఇంజను సవ్యంగా ఉండి కూడా దమ్ము లేనట్టు ఉంటే మొదట అక్కడే చూడాలి. ఫోమ్ ఎయిర్ ఫిల్టర్‌ను దాని ఆయిల్‌లో ముంచి పిండి, పెట్టె అంచులకు గ్రీజు రాసి మూయాలి, వాగు దాటేటప్పుడు నీరు రాకుండా కాపాడేది ఆ గ్రీజే.

పాయింట్లు (కరెంటును తెంచి ప్లగ్గులో నిప్పు పుట్టించే కాంటాక్టులు) ఉన్న మాగ్నెటోలో వాటి సందు సాధారణంగా 0.35 నుంచి 0.40 మి.మీ. మధ్య ఉంటుంది. టైమింగ్‌ను ప్లగ్గు రంధ్రంలో డయల్ గేజ్ పెట్టి, ఆ మోడల్ పుస్తకంలో చెప్పిన దూరం దగ్గర పాయింట్లు విడిపోయేలా సరిచేయాలి. మోటోప్లాట్ ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉన్న బండ్లలో వయసు మీరిన స్టేటర్ (కదలని తీగచుట్టల భాగం) చల్లగా ఉన్నప్పుడు పనిచేసి, వేడెక్కాక ఆగిపోవడం కద్దు. కొత్త ఎలక్ట్రానిక్ సెట్లు దొరుకుతున్నాయి, కానీ వాటిలో కొన్నింటి రోటర్ (ఫ్లైవీల్‌గా తిరిగే భాగం) పాతదాని కంటే చాలా తేలిక. ట్రయల్స్ ఇంజనుకు ప్రాణం ఫ్లైవీల్ బరువులో ఉంది. ఒక్కో పేలుడుకూ మధ్య ఇంజనును తిప్పుతూ ఉంచేది, రాయి తగిలినప్పుడు ఆగిపోకుండా నెట్టుకొచ్చేది ఆ బరువే. కొత్త సెట్టు వేసేటప్పుడు పాత ఫ్లైవీల్ బరువు నిలిచే మార్గం ఎంచుకోవాలి.

ఫైబర్‌గ్లాస్ ట్యాంకు

ఒస్సా ఎంఏఆర్, తొలి కోటాలు, పాత షెర్పాలలో ట్యాంకు ఫైబర్‌గ్లాస్. ఇప్పటి పెట్రోలులో కలిసే ఇథనాల్ పాత రెసిన్‌ను మెత్తబరుస్తుంది. ట్యాంకు ఉబ్బడం, రంగు బుడగలెత్తడం, జిగురు పదార్థం కార్బ్యురేటర్‌లో చేరి స్లయిడ్‌ను పట్టేయడం జరుగుతాయి. లోపల ఇథనాల్‌ను తట్టుకునే పూత వేయించడం ఒక దారి, అల్యూమినియం ట్యాంకు పెట్టుకొని అసలుదాన్ని భద్రపరచడం మరో దారి. నేను రెండోదాన్నే ఇష్టపడతాను. ఏది చేసినా, నడిపాక ట్యాంకులో ఇంధనం నిల్వ ఉంచకూడదు.

ఫ్రేము, షాకులు, ఫోర్కులు

రంగు వేయించేముందు పగుళ్లన్నీ వెల్డింగ్ చేయించి, ఫ్రేము తిన్నదనం చూడాలి. రెండు చక్రాలూ బిగించి, వెనుక చక్రానికి ఇరువైపులా పొడవాటి దారం లాగితే ముందు చక్రం మధ్యలో ఉందో లేదో తెలిసిపోతుంది. పౌడర్ కోటింగ్ వేయించేటప్పుడు మరలను, బేరింగు కూర్చునే చోట్లను, ఎర్త్ తీగ బిగించే చోటును కప్పి ఉంచాలి. స్వింగార్మ్ బుష్షులు, హ్యాండిల్ బేరింగులు కొత్తవి వేయాలి. హ్యాండిల్ మధ్యలో చిన్న గుంట పడినట్టు ఆగినా నిదాన నడకలో తూకం తప్పుతుంది.

ఫోర్క్ గొట్టాలను గాజు మీద దొర్లిస్తే వంకర కనిపిస్తుంది. క్రోమ్ పూత మీద తుప్పు గుంటలు ఉంటే కొత్త సీళ్లు కూడా నిలవవు. రెండు కాళ్లలోనూ ఆయిల్ ఒకే ఎత్తులో ఉండాలి, కొలత స్ప్రింగులు తీసి, ఫోర్క్‌ను పూర్తిగా దించి తీసుకోవాలి. వెనుక షాకుల పొడవు చాలా బండ్లలో 340 నుంచి 360 మి.మీ. మధ్య ఉంటుంది. ఎక్కువ పొడవువి వేస్తే వెనుక భాగం లేచి హ్యాండిల్ చురుగ్గా తిరుగుతుంది, తిన్నగా పోయేటప్పుడు స్థిరత్వం తగ్గుతుంది. స్ప్రింగు మీ బరువుకు తగినది కావాలి. మీరు ఫుట్‌రెస్టుల మీద నిలబడినప్పుడు షాకు మొత్తం కదలికలో సుమారు మూడో వంతు కుంగితే సరిపోతుంది. గట్టి స్ప్రింగు రాళ్ల మీద చక్రాన్ని ఎగరేసి పట్టు పోగొడుతుంది.

చక్రాలు, బ్రేకులు, టైర్లు

పాత స్పోకులు కోసేముందు రిమ్ము హబ్బుకు ఎంత పక్కగా ఉందో కొలిచి రాసుకోవాలి. ఇది మరిచి చక్రం అల్లి, మళ్లీ మొత్తం విప్పవలసి వచ్చిన అనుభవం నాకు ఉంది.

డ్రమ్ బ్రేకు బాగా పనిచేయాలంటే షూ మొత్తం డ్రమ్ముకు తగలాలి. కొత్త లైనింగు కొంచెం దళసరిగా వేయించి, షూలను బ్రేక్ ప్లేటు మీదే బిగించి, లేత్ మీద డ్రమ్ము లోపలి కొలతకు తిప్పించడం మేలైన పద్ధతి. షూలను తోసే కామ్ ఇరుసుకు గ్రీజు పలచగా రాయాలి. బ్రేకు పూర్తిగా పట్టినప్పుడు కామ్ లివర్‌కూ కేబుల్‌కూ మధ్య లంబకోణం ఉంటే బలం వృథా కాదు.

ముందు టైరు 2.75-21, వెనుక టైరు 4.00-18. వెనుక 4 నుంచి 5 పీఎస్ఐ, ముందు 6 నుంచి 7 పీఎస్ఐ గాలి చాలు. మామూలు గేజ్ ఇంత తక్కువ ఒత్తిడిని నమ్మకంగా చూపించదు, ప్రత్యేకమైనది కొనాలి. ఇంత తక్కువ గాలితో టైరు రిమ్ము మీద జారి ట్యూబు వాల్వును తెంపకుండా టైరును రిమ్ముకు అదిమిపట్టే రిమ్ లాక్ బిగించాలి.

కాళ్లు, చేతులు కుదిరే చోటు

మూల రూపంలో ఫుట్‌రెస్టులు చాలా బండ్లలో కాస్త ముందుకు, పైకి ఉంటాయి. వాటిని కొద్దిగా కిందికి, వెనక్కి జరిపితే ముందు చక్రం తేలికవుతుంది, మోకాళ్లకు చోటు దొరుకుతుంది. కొన్ని క్లబ్బుల నిబంధనలు ఇలాంటి మార్పులకు పరిమితి పెడతాయి, అందుకే ముందు మీరు పాల్గొనబోయే వర్గం నిబంధనలు చదివి తరువాత వెల్డింగ్ మొదలుపెట్టండి. నిలబడినప్పుడు చేతుల గీతకు లివర్లు కలిసేలా కొద్దిగా వంచి, ఒక వేలు అందే చోటికి లోపలికి జరపాలి. మణికట్టుకు తగిలించుకునే, మీరు పడితే ఇంజనును ఆపే కిల్ స్విచ్ తాడు తప్పక పెట్టించండి.

మొదటిసారి కిక్ కొట్టాక ఇంజనును కొద్ది నిమిషాలు తిరగనిచ్చి పూర్తిగా చల్లబరచడం మూడు నాలుగు సార్లు చేసి, సిలిండర్ హెడ్ నట్లను చల్లగా ఉన్నప్పుడు మళ్లీ బిగింపు చూడాలి.

నడపడం

కొత్త ట్రయల్స్ బండ్ల మీద నిలబడిన చోటే చక్రాలను ఎగరేసి దిశ మార్చేవారిని చూసి, అదే ఈ బండి మీద చేయాలనుకోవడం తప్పు. సుమారు 90 కిలోల బరువు, నెమ్మదిగా పట్టే బ్రేకులు, బరువైన ఫ్లైవీల్ ఉన్న ట్విన్‌షాక్ ఆగకుండా సాగడానికి పుట్టింది. దాని మీద విద్య అంతా దారి ఎంపికలోనూ, శరీరపు బరువును చక్రాల మీద పంచడంలోనూ ఉంది.

మొదటి సాధన చదునైన నేల మీద. ఫుట్‌రెస్టుల మీద నిలబడి, మోకాళ్లు కొద్దిగా వంచి, నడుము వదులుగా ఉంచి, మొదటి గేరులో యాక్సిలరేటర్ ముట్టకుండా స్లో మీదే బండిని నడపండి. చూపు ముందు చక్రం మీద కాకుండా వెళ్లవలసిన చోట ఉండాలి. తరువాత ఎనిమిది అంకె ఆకారంలో తిరగాలి. మలుపులో బండిని లోపలికి వంచి, శరీరాన్ని బయటికి ఉంచి, బయటి ఫుట్‌రెస్టు మీద బరువు మోపితే హ్యాండిల్ చివరిదాకా తిప్పినా బండి పడదు. మీ ఇంజను పని ఎంత బాగా జరిగిందో ఈ సాధనలోనే తెలుస్తుంది: మలుపు మధ్యలో ఇంజను ఒక్కసారి దగ్గితే పాదం కింద పడుతుంది.

ఎత్తు ఎక్కేటప్పుడు వేగం కింద, చదునులోనే సంపాదించుకోవాలి. గట్టు మీదికి వచ్చాక యాక్సిలరేటర్ పెంచితే వెనుక చక్రం తిరిగిపోతుంది, తగ్గిస్తూ పోతే పట్టు దొరుకుతుంది. మూడు వందల సీసీ పైబడిన బండ్లకు రెండో గేరు తరచుగా మేలు, ఎందుకంటే చక్రానికి చేరే లాగుడు మెత్తబడుతుంది. దిగేటప్పుడు మొదటి గేరులో, యాక్సిలరేటర్ వదిలి, నడుము వెనక్కి తోసి, ముందు బ్రేకును ఒక వేలితో మెల్లగా తాకుతూ రావాలి. రెండు స్ట్రోకుల ఇంజనుకు వెనక్కి పట్టే గుణం తక్కువ కనుక దిగుడులో బ్రేకుల మీద నమ్మకం ముందే పరీక్షించుకోవాలి.

రాయి మెట్టు ఎక్కడం అడుగడుగున నేర్చుకోవలసిన పని. ముందుగా చక్రం వ్యాసంలో నాలుగో వంతు కూడా లేని ఎత్తుతో మొదలుపెట్టండి. మెట్టుకు కొంచెం ముందు మోకాళ్లు వంచి శరీరాన్ని కిందికి దించి, వెంటనే పైకి లేస్తూ యాక్సిలరేటర్ చిన్నగా తెరిస్తే ముందు చక్రం లేచి అంచు మీద వాలుతుంది. ఆ క్షణంలో యాక్సిలరేటర్ తగ్గించి, మోకాళ్లను మళ్లీ వంచి బరువు ముందుకు తెస్తే, ఫుట్‌రెస్టుల మీద భారం తగ్గి వెనుక చక్రం తనంతట తాను మెట్టు ఎక్కుతుంది. ఆ సమయంలో కూడా యాక్సిలరేటర్ తెరిచి ఉంచినవారి బండి కింద ఇంజను ప్లేటు రాయికి కొట్టుకొని ఆగిపోతుంది.

వాగులో నాచు పట్టిన గుండ్రాళ్ల మీద తిన్నని గీతను పట్టుకోవాలని పంతం పట్టకూడదు. ముందు చక్రం జారితే జారనిచ్చి, హ్యాండిల్‌ను వదులుగా పట్టుకొని, మోకాళ్లతో తూకం నిలుపుకోవాలి. తడిసిన డ్రమ్ములు దాటిన వెంటనే పట్టవు, అందుకే ఒడ్డు ఎక్కుతూనే బ్రేకులను తేలికగా నొక్కి ఆరబెట్టాలి.

సెక్షన్‌లోకి దిగేముందు దాన్ని కాలినడకన రెండుసార్లు చూడండి. మొదటిసారి ముగింపు నుంచి వెనక్కి నడిస్తే ప్రతి అడ్డంకిలోకి ఏ కోణంలో ప్రవేశించాలో స్పష్టమవుతుంది. పాత బండికి తిరిగే స్థలం ఎక్కువ కావాలి, కాబట్టి మలుపులను వీలైనంత వెడల్పుగా తీసుకోవాలి. పాదం పెట్టక తప్పదనిపించే చోటును ముందే గుర్తించి, అక్కడ ఒక్కసారే గట్టిగా పెట్టి 1 పాయింటుతో బయటపడడం, మొండిగా ప్రయత్నించి 5 తెచ్చుకోవడం కంటే ఎప్పుడూ మంచిది. హెల్మెట్, చీలమండను కప్పే గట్టి బూట్లు, చేతి తొడుగులు లేకుండా సాధనకు కూడా దిగవద్దు.

ఇంటికి తెచ్చాక

బండి కడిగేటప్పుడు నీటి ధారను హబ్బులు, ఇరుసులు, ఎయిర్ బాక్సు వైపు పెట్టకండి. ట్యాంకు ఖాళీ చేసి, కార్బ్యురేటర్‌లో మిగిలిన పెట్రోలు అయిపోయేదాకా ఇంజనును తిరగనివ్వాలి. వాగులు దాటిన రోజైతే చక్రాలు విప్పి డ్రమ్ములు తుడిచి ఆరబెట్టాలి, లేకపోతే షూలు తుప్పుతో డ్రమ్ముకు అతుక్కుంటాయి. క్లచ్ వైపు ఆయిల్‌లో తెల్లని మీగడ కనిపిస్తే నీరు చేరినట్టే, ఆ పూటే మార్చేయండి. కొత్తగా అల్లిన చక్రాల స్పోకులను మొదటి మూడు నాలుగు సార్లు నడిపాక ఒక్కొక్కటిగా తట్టి చూసి, మందంగా మోగిన వాటిని పావు చుట్టు చొప్పున బిగించాలి.